క్యారియర్ వెనక్కి పంపిన రంగక్క

నిన్న పొద్దున ఫోన్ చేసి రంగక్క పోయిందన్నారు.

నమ్మలేదు. మొన్న సాయంత్రమే నాతో మాట్లాడింది. కాకరకాయ ఎలా వండానో అడిగి, తప్పు పట్టి మరీ ఫోన్ పెట్టేసింది.

నిద్రలోనే పోయిందట.

మన పాండిచ్చేరి ఒర్లియంపేట తెలుగువాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు. వచ్చినవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది చదివి వినిపించండి. నిన్న రంగక్క ఇంటి దగ్గర విన్న కొన్ని మాటలు నాకు నచ్చలేదు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివరి సంగతి. రంగక్కవాళ్ళకి బజార్లో బట్టల అంగడి. ఇంట్లో వంటమనిషి ఉండేది. అక్క చదువుకుని గవర్నమెంట్ ఆఫీసులో టైపిస్ట్ అయింది కానీ, పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు.

వాళ్ళన్న కడలూరు సంబంధం ఒకటి తెచ్చాడు. పెళ్ళాం పోయినాయన, అక్క కన్నా చాలా పెద్దవాడు. అక్క వద్దంది.

"గడప దాటితే నీకు అన్నం పెట్టేది ఎవరు? ఆకలైతే నువ్వే తిరిగొస్తావులే" అన్నాడట అన్న.

అక్క ట్రంకుపెట్టెతో వచ్చి మా పక్క పోర్షన్‌లో దిగింది. ఒక గది, ఒక కిరోసిన్ స్టవ్.

నాకప్పుడే కొత్తగా పెళ్ళైంది. మొదటి రోజే గోడ అవతల నుంచి మాడు వాసన. వెళ్ళి చూస్తే గిన్నె అడుగంతా నలుపు, పైనేమో బియ్యం పలుకు. అక్క అందులోనే ఉప్పు కలుపుకుని తింటోంది.

మా ఇంట్లో తినమని పిలిచాను.

"వద్దు వసంతా. ఈపొద్దు మీ ఇంట్లో తింటే రేపు మా అన్న ఇంట్లో తింటా. నేర్పిస్తే నేర్పించు. పెట్టొద్దు."

గరిటె కూడా ముట్టుకోనివ్వలేదు. నేను గుమ్మంలో నిలబడి నోటితో చెప్పడం, తను చెయ్యడం. చేతులు కాలాయి. రసం చింతపండు నీళ్ళయింది. అన్నీ తినేది, ఒక్క మెతుకు పారెయ్యలేదు.

అన్నం మొదటిసారి సరిగ్గా కుదిరిన రోజు మాత్రం ఏడ్చింది. "మా అమ్మకి చూపించాల" అంది. వాళ్ళమ్మని ఇటు రానిచ్చేవాళ్ళు కాదు.

రోజూ సాయంత్రం అంగడి నుంచి ఒక పెద్దాయన క్యారియర్ తెచ్చేవాడు. మూత కూడా తియ్యకుండా వెనక్కి పంపేసేది.

"అన్నకి చెప్పండి. ఆకలైతే వొండుకుంటా."

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నే క్యారియర్ పట్టుకుని వచ్చాడు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది.

"ఏంది ఈ మొండితనం? కడలూరోళ్ళింకా కాచుకోనుండారు. రా, పోదాం."

"యాడికీ రాను. సాపాటు టైముకొచ్చినావు, కూచో అన్నా."

కంచం పెట్టింది. అన్నం, పప్పు, బీన్స్ వేపుడు. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు చాల్లేదు" అన్నాడు.

అక్క ఉప్పు డబ్బా ఆయన ముందుకు జరిపింది. "ఏసుకో."

వేసుకున్నాడు. కంచం ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుని, తెచ్చిన క్యారియర్ తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ సంబంధం మాట ఎత్తలేదు. తర్వాతి వారం వాళ్ళమ్మని తనే రిక్షాలో తీసుకొచ్చి దింపాడు. అమ్మ పీట మీద కూర్చుంది, అక్క వడ్డించింది.

ఆ తర్వాత ప్రమోషన్లొచ్చాయి, రిటైరైంది. కదిర్కామంలో సొంత ఇల్లు కట్టుకుంది. చివరి దాకా తన వంట తనే వండుకుంది.

నిన్న ఒకాయన అన్నాడు, "పాపం, తనకంటూ ఎవరూ లేకుండా పోయింది" అని.

పాపం అనకండి సార్. ఆమె మీద జాలిపడే హక్కు మనలో ఎవరికీ లేదు. ఏం తినాలో, ఎవరితో ఉండాలో, ఎవరితో ఉండకూడదో తనే తేల్చుకుని బతికిన మనిషి. మనలో ఎంతమందిమి అలా బతికాం?

వెళ్ళిరా రంగక్కా. అక్కడ కూడా నీ ఇష్టప్రకారమే ఉండు, ప్రశాంతంగా ఉండు.