బాల్సా పలక మీద ‘కు’

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ముప్పై ఏళ్లు మదనపల్లెలో దినపత్రిక విలేకరిగా పనిచేశాను. ఎక్కడైనా ఇంటి మీద రాళ్లు పడుతున్నాయనో, బావిలో ఏడుపు వినిపిస్తోందనో కబురొస్తే నన్నే పంపేవారు. గుర్రంకొండ దగ్గర ఒక ఇంటికి మూడు రోజులు కాపు కాసి, రాళ్లు వేసేది పక్కింటి పెద్దాయనేనని తేల్చి రాశాను. ఎప్పుడు వెళ్లినా చివరికి ఒక మనిషో, మేకో, వదులైన రేకో దొరికేది.

ఈ ఒక్క విషయంలో ఏమీ దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మా ఊళ్లో ఒక మిషన్ ఆసుపత్రిలో ప్రభుదాస్ గారు ఎక్స్‌రేలు తీసేవారు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, పాత స్నేహితులు. ఖాళీ దొరికితే బాల్సా చెక్కతో చిన్న విమానాలు కట్టేవారు. బాల్సా అంటే అరచేతిలో పెట్టుకున్నా బరువు తెలియని చెక్క. పెట్టెలో పలకలుగా వస్తుంది. కోసి, అతికించి, పైన పల్చటి రంగు ఫిల్మును ఇస్త్రీ చేసినట్టు అంటించాలి.

ఎక్స్‌రే కవర్ల మీద ఎడమకు ‘ఎ’, కుడికి ‘కు’ అని పెన్సిల్‌తో రాసి చుట్టూ సున్నా చుట్టడం ఆయన అలవాటు. విమానం రెక్కల బద్దల మీదా అలాగే రాసేవారు. కొత్తగా చేరినవాళ్లు కుడిఎడమలు తారుమారు చేస్తే, “నీ కుడి కాదప్పా, పండుకోనుండేవాని కుడి” అనేవారు. ఆసుపత్రిలో ఆ మాట అందరికీ నోటికి వచ్చు.

నిరుడు ఆయన గుండెపోటుతో పోయారు. నాలుగడుగుల రెక్కల విమానం ఒకటి సగంలో ఆగిపోయింది. ఆయన భార్య సరోజమ్మ గారు కుప్పంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. ఆమెకు కంటి నరం దెబ్బతింది. ఉన్న చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టర్లు అన్నారు. వెళ్లేముందు ఆ విమానం నా చేతుల్లో పెట్టి, “నాకు సూపు ఉండంగానే ఒక తూరి ఎగరేసి సూపించప్పా” అన్నారు.

నాకు ఎగరేయడం రాదు. పుంగనూరులో మోటార్లకు వైండింగ్ చేసే ఖాదర్‌కు వచ్చు. పెద్దపంజాణి వైపు చేలల్లో ప్రభుదాస్ గారే అతనికి నేర్పారు. ఖాదర్ ఇంట్లో ఉర్దూ, చదివింది ఉర్దూ బడి. తెలుగు ధారాళంగా మాట్లాడతాడు, రాయలేడు. అతని షాపు బోర్డు మీద అక్షరాలు రాసిచ్చింది నేనే.

ఆ విమానం నూనె ఇంజన్ కోసం గీసిన నమూనా. ఆ ఇంజన్‌తో వేగాలని ఖాదర్‌కు లేదు, కరెంటు మోటారు పెడదామన్నాడు. మూడు నెలల ఆదివారాలు అతని షాపులోనే గడిచాయి. ముక్కులో ఇంజన్ దిమ్మె తీసి మోటారు బిగించాడు. రెక్కల వెనక అంచున కదిలే పలకలకు చిన్న మోటార్లు పెట్టి రిమోట్‌కు కలిపాడు. నూనె డబ్బా ఉండాల్సిన చోట బ్యాటరీ కూర్చోవడానికి ఒక పలక కావాలి. అది నేనే కోసి అతికించాను. ప్రభుదాస్ గారి పెట్టెలో మిగిలిన చెక్క కాదు, బెంగళూరు నుంచి తెప్పించిన కొత్త షీటు. ఈ సంగతి ముఖ్యం.

కుప్పం వెళ్లాల్సిన ఉదయం ఖాదర్ చివరి పరీక్ష పెట్టాడు. విమానం ముక్కు వీధివైపు ఉంది. అతను తోక దగ్గర వంగి తీగలు సర్దుతూ, రిమోట్‌లో పుల్లను కుడికి నెట్టి, ఏ రెక్క పలక లేస్తోందో చూడమన్నాడు. నేను గుమ్మంలో విమానానికి ఎదురుగా నిలబడి ఉన్నాను. ఎడమది లేస్తోందన్నాను. కుడిది లేవాలి సార్ అని గొణిగి, రిమోట్‌లో దిశ తిప్పే స్విచ్ మార్చేశాడు.

ఆ తర్వాత అలవాటుగా ఫోటోలు తీశాను. మూత తెరిచి, బ్యాటరీ బయటపెట్టి, లోపలి పలకకు కూడా ఫోటో తీశాను. మూతను ఖాదర్ రెండు మరలతో బిగించాడు. బ్యాటరీ విడిగా రేకు డబ్బాలో పెట్టుకున్నాం. దారి పొడవునా, రెక్కలు విప్పిన విమానం నా ఒళ్లోనే ఉంది. పలమనేరులో టీ కూడా నేను కారులో కూర్చునే తాగాను.

కుప్పం శివార్లలో రాగి కోసిన చేను. సరోజమ్మ గారిని చెల్లెలు తీసుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. విమానాన్ని కారు బానెట్ మీద పెట్టి రెక్కలు తగిలించాం. బ్యాటరీ పెడదామని ఖాదర్ మరలు విప్పి మూత తీశాడు. తీసి, లోపలికి వేలు చూపించాడు.

నేను అతికించిన కొత్త పలక మీద, ఒక అంచున, పెన్సిల్‌తో ‘కు’ అని ఉంది. చుట్టూ సున్నా.

“ఏం సార్, తమాషా చేస్తాండారా?” అన్నాడు ఖాదర్, కుర్చీవైపు వినపడకుండా.

నేను రాయలేదన్నాను. నువ్వేమైనా రాశావా అని అడిగాను.

“నా బోర్డు రాసింది ఎవురు సార్?”

ఫోన్ తీసి దానికొక ఫోటో తీశాను. ముక్కువైపు నిలబడి ఆ అక్షరాన్నే చూస్తున్నాను. అది నాకు ఎడమ పక్కన ఉంది. పత్రికలో తప్పులు దిద్దిన బుద్ధి కదా, “కుడి ఇటు కదా, తప్పు పక్కన ఉందే” అన్నాను.

ఖాదర్ తల ఎత్తి నన్ను చూశాడు. నేను నిలబడ్డ చోటు చూశాడు.

“ఎవురి కుడి సార్?”

అతను బ్యాటరీ తగిలించి, నన్ను విమానం వెనక్కి రమ్మన్నాడు. పుల్లను కుడికి నెట్టాడు. విమానం ఎడమ రెక్క పలక పైకి లేచింది.

పొద్దున నేను ఎదురుగా నిలబడి చెప్పింది నా ఎడమ. విమానానికి అది కుడి. సరిగ్గా ఉన్నదాన్ని నా మాట మీద తిప్పేశాం. అలాగే వదిలి ఉంటే, ఖాదర్ సరిచేయబోయిన కొద్దీ అది ఒరిగిపోయి ముక్కు నేలకు కొట్టేది. ఉన్నది ఒక్క విమానం. మళ్లీ కట్టేంత వ్యవధి ఆమె కళ్లకు లేదు.

ఖాదర్ స్విచ్ వెనక్కి తిప్పాడు. రెండుసార్లు పరీక్షించాం, వెనక నుంచి. విసిరింది నేను. విమానం తిన్నగా లేచింది. ఎర్ర రెక్కలు. ఖాదర్ దాన్ని ఎత్తుకు పోనీయకుండా కుర్చీ ముందు నుంచి తక్కువలో తిప్పాడు. మొదట ఆమె ముఖం వేరే దిక్కున ఉంది. మూడో చుట్టులో దానితోపాటే తిరగడం మొదలైంది.

“కనిపిస్తాండాది” అన్నారు.

దిగాక విమానాన్ని ఆమె ఒళ్లో పెట్టాను. ఆ అక్షరం సంగతి చెప్పకూడదని ఖాదర్, నేను అప్పటికే అనుకున్నాం. బ్యాటరీ తీశాక మూత ఇంకా తెరిచే ఉంది. ఆమె రెక్కలు తడిమారు, ముక్కు తడిమారు, మోటారు వేడిగా ఉందన్నారు. తర్వాత రెండు వేళ్లు లోపలికి పెట్టారు. బాల్సా మెత్తటి చెక్క, పెన్సిల్ ఒత్తితే గాడి పడుతుంది. వేళ్లు ఆగాయి. సున్నా చుట్టూ ఒకసారి తిరిగాయి.

“ఈయన ఇంతే, అదిమి రాస్తాడు” అని నవ్వారు. “ఇది ఎప్పుడు రాసినాడప్పా?”

ఖాదర్ రిమోట్ వైపు చూస్తూ నిలబడ్డాడు. తెలియదు వదినా అన్నాను. అది అబద్ధం కాదు.

మొన్నటి వానల్లో ఆమె చూపు పూర్తిగా పోయింది. నా ఫోన్‌లో రెండు ఫోటోలు ఉన్నాయి. ఉదయం తీసినది పెద్దది చేసి చూస్తే చెక్క మీది గీతలు కూడా లెక్కపెట్టవచ్చు, అక్షరం లేదు. చేను దగ్గర తీసినదాంట్లో ఉంది. మతిమరుపులో నేనే రాశానేమో అనుకుని అదే షీటులో మిగిలిన ముక్క మీద ‘కు’ అని చాలాసార్లు రాసి చూశాను. నా కొమ్ము అలా తిరగదు. ఖాదర్‌ను మళ్లీ అడిగితే, ఆ మాట ఎత్తొద్దు సార్ అన్నాడు.

ఆమె అడిగింది నా వృత్తిలో మొదటి రోజు నేర్పే ప్రశ్న. ఆ పలకను నేను కోసేనాటికి ఆయన పోయి తొమ్మిది నెలలు. ఎప్పుడు అన్న దగ్గరే నా వార్త ఆగిపోయి ఉంది.