సున్నం కింద దొరికిన మా మావగారు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అబ్బాయి ఇంట్లో టీ కప్పుల చెవులు మరీ చిన్నవి. నా వేలు అందులో దూరదు, దూరితే ఊడిరాదు. అందుకని పొద్దున్నే చర్చిలో ప్రభువు బల్ల దగ్గర గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తాగాలి. స్టీలు గ్లాసు ఇవ్వమ్మా అంటే మా కోడలు, "ఎవరైనా గెస్టులు చూస్తే ఏమనుకుంటారు మావయ్యా" అంటుంది. నాలుగు నెలల నుంచి ఆ ఇంట్లో గెస్టుని నేనే. నేనేమనుకుంటున్నానో ఎవరూ అడగలేదు. ఆ శనివారం కూడా ఇలా సణుక్కుంటూనే చెప్పులేసుకున్నాను. నేను అయిదో తరగతితో బడికి సెలవు చెప్పినవాణ్ణి. ఇందులో తప్పులుంటే టైపు చేసిపెట్టిన మా మనవరాలిని తిట్టండి.

ఈ ప్రయాణం మా ఆవిడ ఎస్తేరు కోసం. తను చంకబిడ్డగా ఉన్నప్పుడే వాళ్ళ నాన్న ఢిల్లీ కంటోన్మెంటులో పోయాడు. మిలిటరీలో వంటవాడు. జ్వరం తగిలింది, వారం తిరక్కుండా అయిపోయింది. ఆయన్ని ఇక్కడే సమాధి చేసి, ఎస్తేరు తల్లి బిడ్డనెత్తుకుని నరసాపురం వెళ్ళిపోయింది. మళ్ళీ ఇటువైపు రాలేదు. ఫొటో కూడా లేదు. తల్లి చెప్పిన రెండు మాటలే ఎస్తేరుకి మిగిలాయి. రాయి పెట్టించాననీ, చెక్కేవాడికి మన అక్షరాలు రాకపోతే తనే బొగ్గుతో రాసిచ్చాననీ ఒకటి. ఆయన పాదాల దగ్గర నిలబడితే గోడ అవతల రైలు కూత వినిపించేదని రెండోది. మా తిరుగు ప్రయాణం ఆ శనివారం తర్వాతి మంగళవారం. పది రోజుల ముందే పచ్చడి జాడీలు సర్దుతూ ఉన్నట్టుండి, "ఈ వయసులో మళ్ళీ ఢిల్లీ ఏం వస్తామండీ. ఒక్కసారి నాన్న దగ్గరికి వెళ్ళొద్దామా" అంది. సరే అన్నాను గానీ, ఎక్కడని వెళ్తాం? ఆదివారం గుడిలో ఫాదరుగారిని అడిగితే, జనక్‌పురిలో తెలుగు క్రైస్తవుల వంశవృక్ష సంఘం ఒకటుందని, ప్రతి రెండో శనివారం కలుస్తారని చెప్పారు.

ఇటువైపు నుంచి వెళ్ళేవాళ్ళకి దారి చెప్తాను. ఇందిరాపురంలో షేర్ ఆటో ఎక్కి ఆనంద్ విహార్ చేరాలి, మనిషికి పది రూపాయలు. అక్కడికి ఇంకా మెట్రో రాలేదు కాబట్టి ఐటీఓ వైపు వెళ్ళే బస్సు పట్టుకుని, ఇంద్రప్రస్థ స్టేషన్లో మెట్రో ఎక్కితే నేరుగా జనక్‌పురి వెస్ట్‌లో దిగొచ్చు. మెట్రో టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. ఏడున్నరకి బయల్దేరితే పది కొట్టేసరికి చేరాం. మెట్రోలో ఒకతను లేచి నాకు సీటిచ్చాడు. "నేను ముసలాణ్ణి కాదు బాబూ, ఈవిడ పక్కన ఉండి ఉండి ఇలా అయ్యాను" అన్నాను. తెలుగు రాదు కనక మర్యాదగా నవ్వి తలూపాడు. ఎస్తేరు మాత్రం నవ్వలేదు. ఆ రోజు తన చెవులు నా దగ్గర లేవు.

సంఘం అంటే పెద్ద ఆఫీసు ఊహించుకోకండి. చర్చి వెనక ఒక హాలు, మూడు బల్లలు, అటూ ఇటూ బీరువాలు. చూడ్డానికి ఏమీ ఇవ్వక్కర్లేదు, జిరాక్సు కాయితానికి రూపాయి. మధ్యాహ్నం అన్నం డబ్బా మీరే తెచ్చుకోవాలి. తలుపు దగ్గర ఒకావిడ ఎదురొచ్చింది. పేరు సుగుణమ్మ, మిలిటరీ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది.

"నమస్తే అంకుల్, రండి. ఎవరి కోసం వెతుకుతున్నారు?"

ఆవిడ జుట్టు నా జుట్టుకన్నా తెల్లగా ఉంది. "నన్ను అంకుల్ అంటున్నావ్, ఏ క్లాసు చదువుతున్నావమ్మా?" అన్నాను.

"ఢిల్లీలో అంతే అంకుల్. చెట్టుకీ పుట్టకీ అదే పిలుపు" అంది నవ్వుతూ.

లోపలికెళ్ళాం. గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరికి తెల్లటి గుడ్డ కట్టి ఉంది. దాని మీద కుటుంబాలు. రాసినవి కావు, కుట్టినవి. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం. నర్సులు డ్యూటీ లేనప్పుడు కూర్చుని కుట్టారట. నరసాపురం, పాలకొల్లు, బాపట్ల, ఒంగోలు అని ఊళ్ళ పేర్లు అడుగున, అక్కడినుంచి దారాలు పైకి పాకి ఢిల్లీలో కొమ్మలేశాయి. ఒక ఎర్రదారం ఒక పచ్చదారాన్ని కలిసిన చోట పెళ్ళి అన్నమాట. మా ఊరి దగ్గర వేలు పెట్టి పైకి పోతుంటే, నాకు తెలిసినవాళ్ళ తాతలు ముత్తాతలు ఒక్కొక్కరే తగులుతున్నారు. ఎవరో ముసలమ్మ పక్కన కొమ్మ లేకుండా దారం ఆగిపోతే, అక్కడ చిన్న పువ్వు కుట్టారు. నేను చాలాసేపు అక్కణ్ణించి కదల్లేదు. బీరువాల్లో కోస్తా చర్చిల బాప్తిస్మం రిజిస్టర్ల జిరాక్సులున్నాయి, ఊరి వారీగా. ఫొటోల ఆల్బములున్నాయి. గుర్తు తెలియని మొహం కింద ఖాళీ చీటీ అంటిస్తారు, గుర్తుపట్టినవాళ్ళు పేరు రాసిపోవచ్చు.

మా పని చూసినాయన పేరు దేవదానం. బాపట్ల మనిషి, మిలిటరీలో హవల్దారుగా చేసి దిగాడు. మీసాలు ఇంకా దిగలేదు.

"పేరు చెప్పండక్కా."

"యోహాను" అంది ఎస్తేరు.

దేవదానం కలం కింద పెట్టాడు. "యోహానులు మా దగ్గర బోల్డుమంది ఉన్నారక్కా. ఇంటిపేరు?"

"తెలీదు బాబూ. యోహాను అన్నది కూడా మా మేనమామ చెప్తే తెలిసిందే. అమ్మ చెప్పలేదు."

మధ్యాహ్నం దాకా వెతికారు. ఒక యోహాను బడిపంతులు, ఒకాయన ముసలివాడు, ఇంకొకాయన నరసాపురంలోనే పోయాడు. మా యోహాను ఎక్కడా లేడు. ఎస్తేరు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఏడిస్తే ఏదో ఒకటి అని నవ్విస్తాను, ఆ విద్య నాకుంది. ఏడవకుండా కూర్చుంటేనే నాకు భయం. లేద్దాం పదండి అన్నట్టు సంచి దగ్గరికి తీసుకుని, పోతూ పోతూ ఆ రైలు కూత మాట చెప్పింది.

దేవదానం లేచి గోడకున్న మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచాడు. కంటోన్మెంటు వైపున్న పాత సమాధుల తోటకి ఆయన చేత్తో గీసిన పటం అది. ప్రతి రాయికీ ఒక గుర్తు. రైలు గోడ పక్కన ఒక వరుసంతా ఉత్త సున్నాలు చుట్టి ఉన్నాయి.

"ఇవి వెల్ల రాళ్ళక్కా. మనవాళ్ళు ఈస్టర్‌కి సమాధులకి సున్నం వేస్తారు కదా. దిక్కులేని సమాధిని కూడా బోడిగా ఉంచబుద్ధి కాదు, దానికీ రెండు కుంచెలు వేస్తారు. ఏళ్ళ తరబడి వేసీ వేసీ అక్షరాలు పూడిపోయాయి. ఈస్టర్ రాకముందే కొన్ని గీకి చదువుతున్నాం. ఇవాళ వేరే వరుస అనుకున్నాం గానీ, ఠీక్ హై, గోడ వరుస మీదే పడదాం."

జనక్‌పురి నుంచి ఆటో యాభై రూపాయలు. బకెట్టూ సున్నం డబ్బా అద్దం వేసుకుని సుగుణమ్మా దేవదానం ఒక ఆటో, మేమొకటి. డ్రైవరు సర్దార్జీ. కబ్రిస్తాన్, అంటే సమాధుల తోట, అనగానే మొహం పాపం అదోలా పెట్టి, ఎవరు పోయారని అడిగాడు.

"ససుర్‌జీ" అన్నాను. మావగారు అని.

"కబ్?" ఎప్పుడు అని.

"సాఠ్ సాల్ పెహలే." అరవై ఏళ్ళ క్రితం అన్నమాట.

 సిగ్నల్ దాటాక వెనక్కి తిరిగి, "బహుత్ లేట్ హో గయే, అంకల్‌జీ" అన్నాడు. చాలా ఆలస్యం చేశారు అని. దారంతటిలో ఎస్తేరు నవ్వింది అప్పుడే.

ఫిబ్రవరి ఎండ పల్చగా ఉంది. సమాధుల తోటలో మట్టి మెత్తగా, గడ్డి మోకాలి దాకా ఉంది. పని ఎలా చేస్తారో చూసి తీరాలి. రాయిని నీళ్ళతో బాగా తడిపి కాసేపు నాననిస్తారు. తర్వాత వెదురు పుల్లతో, పసిబిడ్డకి స్నానం చేయించినంత నెమ్మదిగా గీకుతారు. ఇనుప బ్రష్షు దగ్గరికి రానివ్వరు. సున్నం పొర మీద పొరగా పెచ్చులూడుతుంది. మొదటి రాయి మీద ఇంగ్లీషు అక్షరాలొచ్చాయి, ఎవరిదో పసిపాప. రెండో దాని మీద సిలువ తప్ప ఏమీ లేదు. ఇంతలో గోడ అవతల రైలు కూసింది. ఎస్తేరు నా మణికట్టు పట్టుకుంది. వదల్లేదు.

మూడో రాయి దగ్గర సుగుణమ్మ ఆగింది. "ఇది మా అమ్మ చూసుకునేదక్కా. మాకు చుట్టమేం కాదు. మా నాన్న సమాధికి వేసేటప్పుడు డబ్బాలో సున్నం మిగిలేది. ఈయనకి ఎవరూ లేరు పాపం అని వేసేది. అమ్మ పోయాక నేను వేస్తున్నాను."

గీకాం. ఎర్రరాయి బయటపడింది గానీ అక్షరం కనిపించలేదు. నున్నగా, వట్టిగా ఉంది. అప్పుడు దేవదానం అద్దం తీశాడు. పాత బీరువా తలుపు నుంచి ఊడదీసిన అద్దం. రాయికి పక్కగా దూరంగా నిలబడి, ఎండని పట్టి రాయి మీదకి అడ్డంగా పడేలా తిప్పాడు. ఒక్కసారిగా ఆ వట్టి రాయి మీద నీడలు లేచాయి. నీడలు గీతలయ్యాయి, గీతలు అక్షరాలయ్యాయి. వంకరటింకర తెలుగు అక్షరాలు, పలక మీద కొత్తగా దిద్దినట్టు. నేను డెబ్భై ఏళ్ళు దాటినవాణ్ణి. చదవడం ఇంత ఆశ్చర్యమైన పనని ఆ క్షణం దాకా నాకు తెలియదు.

పేరు లేదు. తారీకు లేదు. ఉన్నవి రెండే మాటలు.

ఎస్తేరు నాన్న.

మా అత్తగారు బతికినన్నాళ్ళూ మొగుడి పేరు నోటితో పలకలేదు. ఆ రోజుల్లో ఏ ఇల్లాలు పలికింది గనక. రాయి మీద రాయాల్సి వచ్చినా చేయి రాలేదు కాబోలు. ఇంట్లో ఎలా పిలిచేదో అలాగే బొగ్గుతో రాసిచ్చింది. ఆ చెక్కేవాడు గీత పొల్లుపోకుండా చెక్కాడు. ఇంక రిజిస్టర్లలో యోహానుని ఎంత వెతికితే ఏం లాభం?

ఎస్తేరు ఆ అక్షరాల మీద వేలు పెట్టి దిద్దింది. "ఇది మా అమ్మ రాతండీ" అంది. తర్వాత మెల్లిగా, "నా పేరుందండీ" అంది.

సుగుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనే కప్పేశానక్కా. మా అమ్మా నేనూ కలిసి అక్షరాలన్నీ పూడ్చేశాం."

ఎస్తేరు ఆవిడ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నేను పసిపిల్లని, మా అమ్మ ఎక్కడో ఉంది. ఇన్నేళ్ళూ మా నాన్నకి పండగ బట్టలు పెట్టింది మీరేనమ్మా" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. దేవదానం అద్దం దించి మీసం తుడుచుకున్నాడు. నేను రైలొస్తుందేమో అని గోడవైపు చూశాను.

పని అయ్యాక ఆ రాయికి మళ్ళీ వెల్ల వేశాం, ముందువైపు అక్షరాలు మాత్రం వదిలేసి. కుంచె ఎస్తేరే పట్టుకుంది. గుడ్డ మీద ఈయనకి ఏ రంగు దారం వేయమంటారని సుగుణమ్మ అడిగితే, మీ ఇంటి దారమేదో అదే వేయమంది. చుట్టరికం లేకుండా అలా కుట్టకూడదని దేవదానం ఏదో రూలు చెప్పబోయాడు. ఇద్దరూ కలిసి ఒక్క చూపు చూసేసరికి అచ్ఛా అచ్ఛా అని తగ్గాడు.

తిరుగు మెట్రోలో ఎస్తేరు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు. వంశం అంటే రక్తం లెక్క అనుకునేవాణ్ణి. అరవై ఈస్టర్లు ఊరూ పేరూ తెలియని మనిషికి ఎవరో సున్నం వేశారు, మిగిలింది వేశామంటారు గానీ ప్రతిసారీ మిగిల్చారు కూడా. ఆ సున్నమే అక్షరాలని దాచింది, ఎండావానా తగలకుండా కాచింది కూడా అదేనట.  మీలో ఎవరైనా ఇలా వెతకబోతే ఒక్క మాట వినండి. పోయినవాళ్ళ పేరుతో పాటు, వాళ్ళని ఇంట్లో ఎవరు ఏమని పిలిచేవారో పెద్దవాళ్ళని అడిగి మరీ బయల్దేరండి.

ఇంకొకటి ఉంది, ఎస్తేరుకి చెప్పకండి. రాయి వెనకవైపు వెల్ల వేసే పని నాకిచ్చారు. వాళ్ళు పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నప్పుడు, తడి సున్నంలో వేలితో నాలుగు ముక్కలు రాసొచ్చాను: "మావయ్యగారూ, మీ అమ్మాయి గురక పెడుతుంది. ఈ సంగతి పెళ్ళికి ముందే చెప్పాల్సింది. ఇట్లు, మీ అల్లుడు." ఈస్టర్‌కి సుగుణమ్మ చూస్తుంది. పూసేస్తుందో, వదిలేస్తుందో ఆవిడ ఇష్టం.