పోటు చెప్పే గొంతు

గంగ మీద పడవలన్నీ నా గొంతు విని కదులుతాయి. బడ్జ్ బడ్జ్ నుంచి గార్డెన్ రీచ్ దాకా పడవ నడిపే ఏ సరంగునైనా అడగండి. "పోటు మొదలైంది, బయల్దేరండి" అని బాంగ్లాలో గొంతు వినబడితే తప్ప ఒక్కడూ లంగరు ఎత్తడు.

అన్నీ కాదు లెండి. కొన్ని ఇసుక పడవలు, రెండు మూడు లాంచీలు. కానీ పొగమంచులో నిలబడి వింటే అన్నీ అన్నట్టే ఉంటుంది.

నేను పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. నేను పని మానినా నది నన్ను మానలేదు. పొద్దున్నే డాబా ఎక్కి, నీటి రంగు చూసి, సముద్రపు పోటు ఎప్పుడు తగులుతుందో మా అమ్మాయితో పందెం కాసేవాణ్ని. తను సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. నన్ను ఓడించాలని సరదాగా ఒక ప్రోగ్రాం రాసింది. ఏ ఘాట్ దగ్గర ఎప్పుడు పోటు, ఎప్పుడు పాటు, ఏ పడవకి నీళ్లు చాలుతాయి, అన్నీ చెప్పేస్తుంది. దాన్ని నెట్‌లో అందరికీ వదిలేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఊరికే. ఎక్కడెక్కడి రేవులవాళ్లో తీసుకుని తమ నీళ్లకు సరిచేసుకున్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్లు తప్పులు దిద్ది పంపేవారు. ఆ రోజుల్లో నేను కన్ను మూస్తే చాలు, పేరు తెలియని నదులన్నీ మా డాబా కిందకొచ్చి, మెల్లగా నీళ్లు మార్చుకుని వెళ్లిపోతున్నట్టు ఉండేది.

దాంతోనే బతకాలని అమ్మాయికి ఆశ పుట్టింది. ఆఫీసుకి పొడుగు సెలవు పెట్టింది. సెలవు కరిగిపోయింది గాని కొనేవాడు రాలేదు. ఊరికే దొరికేదాన్ని ఎవడు కొంటాడు? సోమవారం చేరకపోతే ఉద్యోగం పోతుంది. శనివారం మధ్యాహ్నం ఆఫీసు బట్టలు ఇస్త్రీకి తీసిపెట్టి స్నానానికి వెళ్లింది. అప్పుడు తన ఫోను మోగింది. నేనెత్తాను.

బడ్జ్ బడ్జ్ నుంచి ఇసుక పడవల యజమాని. "దాదా, మీ యాప్ మంచిదే. మా సరంగు చుక్కాని పట్టుకుంటాడా, ఫోను చూసుకుంటాడా? అది నోరు విప్పి చెబుతుందా?"

"చెప్పకేం! బాంగ్లాలో చెబుతుంది."

"చెడిపోతే?"

"ఫోన్ చెయ్యండి. మనిషి ఎత్తుతాడు."

"యాప్ ఊరికే ఉంది, దానికి నేనేమీ ఇవ్వను. ఎత్తే మనిషికైతే నెలనెలా ఇస్తాను. సోమవారం ఆ గొంతు వినిపించండి."

రేవు మనుషుల తీరే అంత. వస్తువుని నమ్మరు, పిలిస్తే పలికేవాణ్ని నమ్ముతారు.

అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చింది. "నాన్నా, ఏటి సెప్పావు ఆయనకి? అది మాటాడదు!"

"ఇవాళ మాటాడదు. ఎల్లుండి మాటాడతాది."

"నీ అబద్ధానికి నేను కోడ్ రాయాలా?"

అంది గానీ, ఇస్త్రీ బట్టలు పక్కకి జరిపి లాప్‌టాప్ తెరిచింది.

ఆదివారం ముగ్గురం చర్చి నుంచి రాగానే కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, దుప్పటి ముసుగులో ఘాట్ల పేర్లూ గంటలూ బాంగ్లాలో ఫోనులోకి చెప్పడం జరిగింది. వీధిలో ఆటో కూసినప్పుడల్లా మళ్లీ మొదటికే. సాయంత్రానికి అమ్మాయి ఆ ముక్కలన్నీ అతికింది. మసక వెలుతురులో ఫోను నోరు విప్పితే, నది మెట్లెక్కి వచ్చి మా గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టనిపించింది.

సోమవారం ఆ యజమాని నది మధ్య నుంచే ఫోన్ చేశాడు. అతని మాటల వెనక, నీళ్ల చప్పుడులో, ఆ గొంతు. "ఇది నడుస్తుంది దాదా" అన్నాడు. అమ్మాయి ఆఫీసుకి ఇక రానని రాసేసింది.

ఇప్పుడు ఏక్‌బాల్‌పూర్‌లో మాకో ఆఫీసు గది ఉంది. ప్రోగ్రాం ఇప్పటికీ ఊరికే. ఫోనెత్తడానికి మాత్రం మనుషులున్నారు. మొన్న కొత్తగా చేరిన పిల్లలకి ఈ కథంతా చెప్పి, "అలా నా గొంతు గంగ మీద పడింది" అని ముగించాను.

టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది మా ఆవిడ.

"నీ గొంతేటి? మాటాడతాదనీసి నువ్వు తొంగున్నావు. దుప్పటి కింద చెమటలు కక్కుకుని మాటాడింది నాను. రోజూ ఇంటన్న పిల్లలు, అది ఆడగొంతని తెలీదేటి వీళ్లకి?"