దారెస్సలాంలో మూడు రోజులు

మొన్న పంజాగుట్టలో కళ్ళజోడు బాగుచేయించుకుని మెట్రో ఎక్కబోతుంటే, మెట్ల పక్కన ట్రావెల్స్ వాళ్ళ బోర్డు మీద నీలి సముద్రమూ, తెల్లటి ఇసుకా, కింద దారెస్సలాం అన్న పేరూ కనిపించాయి. నా వయసు వాళ్ళకి చెబితే అర్థమవుతుంది, కొన్ని ఊళ్ళ పేర్లు చదివితే కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి.

అమీర్‌పేటలో నడవడానికి చోటుండని సాఫ్ట్‌వేర్ రోజులవి. మైత్రీవనం పక్క సందులో ఒక కోచింగ్ సెంటర్లో నేను డేటాబేస్ పాఠాలు చెప్పేదాన్ని, మా బావగారు అక్కడే నెట్‌వర్కింగ్ చెప్పేవారు. అక్కా, ఆయనా, నేనూ ఎస్.ఆర్. నగర్‌లో మూడో అంతస్తు పోర్షన్లో ఉండేవాళ్ళం. అమెరికాలో ఉద్యోగాలు పోతున్నాయని పేపర్లలో రావడం మొదలయ్యాక మా క్లాసుల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. అప్పుడే ఒక కన్సల్టెన్సీ ద్వారా బావగారికి ఆఫ్రికా తీరాన ఆ దారెస్సలాంలో పని దొరికింది, ఒక పెద్ద వ్యాపారి గోడౌన్లన్నిటిలోని కంప్యూటర్లనూ కలపడం. ఏడాదిలో వచ్చేస్తానని వెళ్ళిన మనిషి అయిదో నెలలో సముద్రంలో మునిగిపోయారని ఫోను వచ్చింది.

గోదావరి ఒడ్డున పుట్టి కూడా మోకాలు దాటి నీళ్ళలోకి దిగని మనిషాయన. అక్కడికి వెళ్ళే విమానంలో ఆ మాట అక్కా అనలేదు, నేనూ అనలేదు.

విమానాశ్రయానికి ఆ వ్యాపారే స్వయంగా వచ్చాడు. మూడు తరాల కిందట గుజరాత్ నుంచి వెళ్ళిన కుటుంబం, తెల్లటి జుట్టు, మెత్తటి హిందీ. మమ్మల్ని ఏ వరసలోనూ నిలబడనివ్వలేదు, పాస్‌పోర్టులు ఎవరో పట్టుకెళ్ళి ముద్ర వేయించి తెచ్చారు. సముద్రానికి ఎదురుగా ఉన్న బంగళాలో గది ఇచ్చారు, ఆయన భార్య అక్క పక్కనే కూర్చుని కిచిడీ తినిపించింది. పోలీసు అధికారి మా దగ్గరికే వచ్చి, వరండాలో టీ తాగి, సముద్రంలో మునిగి పోయారని రాసిన కాగితాలు అక్క సంతకం కోసం ఇచ్చి వెళ్ళాడు. రేషన్ కార్డు కోసం నాలుగుసార్లు తిరిగిన వాళ్ళం కదా, ఆ సులువు చూసి దేవుడే ఈయన్ని చూపించాడనుకున్నాను. ఇప్పుడు దాచడమెందుకు, నిజంగానే అనుకున్నాను.

మర్నాడు ఉదయం ఆస్పత్రిలో ముఖం వరకే దుప్పటి తీశారు. అక్క కూలబడితే వ్యాపారి భార్య బయటికి తీసుకెళ్ళింది. నేను వరండాలో నిలబడి ఉంటే కంపెనీ వ్యానులో వచ్చిన ఒకతను దగ్గరికి వచ్చాడు. యూసుఫ్‌గూడ నుంచి అదే కన్సల్టెన్సీ పంపిన ఎలక్ట్రీషియన్. బావగారు ఫోన్లో తరచు చెప్పే భాయ్ ఇతనేనని మాట వినగానే తెలిసింది.

"మేడమ్, జర వినుండ్రి. సార్ సముద్రం దిక్కు పోనే పోలేదు. గోడౌన్ల వైర్లు ఖరాబున్నయని మస్తు సార్లు చెప్పిండు, ఎవ్వరు వినలే. కరెంటు కొట్టింది. చేతులు చూడుండ్రి, మీకే తెలుస్తది. నా పేరు మాత్రం చెప్పకుండ్రి, నా పర్మిట్ సుత వాళ్ళ దగ్గర్నే ఉన్నది."

బావగారిని ఉంచిన గది గుమ్మం దాకా తిరిగి వెళ్ళాను. అక్కడి మనిషి తలుపు వేస్తున్నాడు. ఒక్క మాట అంటే ఆగేవాడే. అనలేకపోయాను.

అక్కడ అనలేని దాన్ని, అనకూడని చోట అన్నాను. అక్క వ్యాపారి భార్యతో వేరే కారులో వెళ్ళింది, నేను వ్యాపారి కారులో కూర్చున్నాను. మా బావగారు చనిపోయింది గోడౌన్లో అంటున్నారు, నిజమేనా అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు.

"కేసు పెడదామంటే పెడదాం బేటీ, వకీలుతో నేనే మాట్లాడతాను. కానీ దేహం నెలల తరబడి ఇక్కడే ఉండిపోతుంది. మీ అక్క కోర్టు చుట్టూ తిరగాలి. ఆలోచించుకో" అన్నాడు. ఆ వెంటే, "చెప్పినవాడు మీ భాషలోనే చెప్పాడా?" అని అడిగాడు.

కాదనాల్సింది, ఆయన దగ్గర తెలుగువాడు ఇక ఆ ఎలక్ట్రీషియన్ ఒక్కడే. చూపు దించుకున్నాను. ఆయన తల ఊపి, కిటికీ వైపు తిరిగిపోయాడు.

అక్కకి ఏమీ చెప్పకుండా పోలీసు కాగితాల మీద సంతకం పెట్టమన్నాను. మూడో రోజు అక్కడే దహనం జరిగిపోయింది. పురోహితుడు, గంధపు చెక్కలు, అన్నీ ఆయనే చూసుకున్నాడు.

తిరిగొచ్చిన రెండు నెలలకి యూసుఫ్‌గూడ నుంచి ఒకావిడ మా కోచింగ్ సెంటరుకి వచ్చింది. అప్పటికి అక్క అక్కడే రిసెప్షన్లో కుదిరింది. "మా ఆయన్ని పర్మిట్ లేదని జైల్ల ఏసిన్రు అక్కా. మీ సార్ సంగతి మీ చెల్లెకు చెప్పిండంట, అప్పట్నుంచే గిట్లయింది" అని ఏడ్చింది. అక్క నా వైపు చూసింది. ఇంటికెళ్ళాక అంతా చెప్పాను. అక్క తిట్టలేదు. "చేతులు చూశావా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. తర్వాత ఆరు నెలలు ఒకే ఇంట్లో ఉంటూ నాతో మాట్లాడలేదు.

ఆ ఆరు నెలలూ తను ఊరుకోలేదు. డిగ్రీ కూడా పూర్తిచేయని మా అక్క ఆవిడని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది, ఎండలో వరసల్లో నిలబడింది, ఢిల్లీకి ఉత్తరాల మీద ఉత్తరాలు పంపింది. నేను ఇంగ్లీషులో టైపు చేసి బల్ల మీద పెడితే తీసుకెళ్ళేది. ఏడో నెలలో అతను తిరిగొచ్చాడు, మనిషి సగమై, కుడి చెవి వినపడకుండా. నేను క్షమించమనబోతే, "ఫికర్ చేయకుండ్రి మేడమ్, మీరు పేరు చెప్పలే గద" అన్నాడు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మా కోచింగ్ సెంటర్ ఉన్నచోట బట్టల దుకాణం ఉంది. ఎక్కడేం జరిగినా ఎవరో ఒకరు ఫోను పైకెత్తి వీడియో తీస్తారు, మనం విసుక్కుంటాం. ఆనాడు అలాంటిదొకటి చేతిలో ఉంటేనా అనిపిస్తుంది గానీ, ఆ గదిలోకి వెళ్ళలేని మనిషికి అదేం ఉపయోగం? అక్క ఇప్పుడు నాతో బాగానే ఉంటుంది, ఒంట్లో బాగోకపోతే ముందు నాకే ఫోను చేస్తుంది. బావగారి సంగతి మాత్రం అప్పుడప్పుడు తనే ఎత్తి, నేను నోరు తెరిచేలోగా మాట మార్చేస్తుంది.