తొలి మామిడి ముక్క

తొంభైల చివర్లో ఒకసారి, అరకులో షుగర్ డాక్టర్ల సదస్సుకి కిరండూల్ పాసింజర్లో వెళ్తున్నాను. త్యాడలో ఒక ముసలాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. నా సంచీలోంచి బయటికి కనబడుతున్న స్టెతస్కోపు చూసి, "డాట్రమ్మవా?" అన్నాడు. అవునన్నాను.

తువ్వాలు మూట విప్పి ఒక మామిడికాయ చూపించాడు. వాళ్ల ఊరి పూజారి ఆయనేనట. కొత్త కాపు తొలిసారి తినే కొత్తల పండగనాడు అమ్మవారికి పెట్టిన కాయ ముందు ఆయన తినాలి. ఆ తర్వాతే ఊళ్లో ఎవరైనా మామిడి ముట్టాలి.

"సుగరుంది, మావిడి తినొద్దన్నారమ్మా ఆసుపత్రోలు. నాను తిన్నేదు. ఊర్లో ఎవులూ తిన్నేదు. పిల్లలు సెట్టు కింద కూకుని నన్నే సూత్తన్నారు. అరకులో పెద్ద డాట్రులు కూడతారంట, ఆల్ని అడుగుదారని బయల్దేరినాను."

నాకు నవ్వొచ్చింది. మా డాక్టర్ల మీద కోపమూ వచ్చింది. వద్దనడం మాకెంత తేలికో!

"ఒక ముక్క తిను తాతా, ఏం కాదు," అన్నాను.

బొటనవేలి గోరుతో కాయ చివర చిన్న గీత గీసి, "ఇంతా?" అన్నాడు.

నేను ఇంకాస్త లోపలికి నా గోరుతో గీశాను. "ఇంత."

ఆయన మొహం విప్పారింది. "బేగి ఊరెల్లాల," అంటూ మూట కట్టుకుని, అరకు దాకా రాకుండానే బొర్రాలో దిగిపోయాడు.

ఆ సదస్సులో విన్నవి చాలావరకు మరిచిపోయాను. కానీ ఇప్పటికీ చీటీ మీద 'తినకూడదు' అని రాయబోతూ ఆగి, "మీరు తినకపోతే ఇంకెవరైనా ఆగిపోతారా?" అని అడుగుతాను.