మా చెల్లెల్ని పంపని చోటు

మా చెల్లెలు నన్ను పొగడటం మొదలుపెట్టగానే నేను లేచి వెళ్ళిపోతాను. పాలు పొంగుతున్నాయనో, ఎవరో తలుపు కొట్టారనో ఏదో ఒకటి అంటాను. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. అది పొగడటం మానలేదు, నేను లేచిపోవడం మానలేదు. ఈవిడకి పొగడ్తలు గిట్టవు, మంచి మనిషి అని చుట్టాలంతా అనుకుంటారు. కాదండి. ఆ పొగడ్త కింద ఒకమ్మాయి ఉంది. చెల్లెలు నోరు విప్పిన ప్రతిసారీ ఆ అమ్మాయి నాకు కనిపిస్తుంది. ఈ బరువు నా భర్తకి చెప్పలేదు. మా నాన్నగారికి చెప్పలేదు, అందరికంటే ముందు ఆయనకే చెప్పాల్సింది, ఇప్పుడాయన లేరు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా చెల్లెలు చెప్పే కథ చిన్నదే. తొంభైల చివర్లో మాట. అది డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా ఉంది. మాది కొవ్వూరు. ఒక ఆదివారం పేపర్లో ఉద్యోగ ప్రకటన చూసి, చుట్టూ పెన్నుతో గీత గీసి, గంతులేసుకుంటూ నా దగ్గరికి తెచ్చింది. నేను దాని చేతిలోంచి పేపరు లాక్కుని ఆ ముక్క చింపేశాను. అది ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను.

ఏం చెప్పానంటే, ఇందులో కంపెనీ పేరు ఉందా, ఫోను నంబరు తప్ప? ఆఫీసు ఉద్యోగాలు అన్నారు, ఆఫీసులో ఏం పని చెయ్యాలో రాశారా? పది పాసయినా సరే, డిగ్రీ అయినా సరే, అనుభవం అక్కర్లేదు, ఎంతమందైనా రావచ్చు అంటున్నారు, ఇంతమందిని కూర్చోబెట్టే కుర్చీలు ఏ ఆఫీసులో ఉంటాయి? అమ్మకాల పని కాదు అని పనిగట్టుకుని రాశారంటే అదే పని అని తెలుసుకో. ప్రతి ఆదివారం ఇదే ప్రకటన పడుతోందంటే పోయినవారం చేరినవాళ్ళంతా ఏమైపోయినట్టు? ఫోన్ చేసి, జీతం నెలనెలా ఇస్తారా, అమ్మినదాన్ని బట్టి ఇస్తారా, ఇల్లిల్లూ తిరగాలా అని అడుగు. తిన్నగా చెప్పకుండా ముందు మీరు రండి, వచ్చాక మాట్లాడదాం అన్నారంటే వెళ్ళకు. అన్నిటికంటే ముఖ్యం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వకు, జిరాక్సు కాపీలు చాలు.

ఇదీ మా చెల్లెలు అందరికీ చెప్పుకునే కథ. మా అక్క లేకపోతే నేను ఎండలో సంచి మోసుకుంటూ తిరిగేదాన్ని అంటుంది. నిజమే. కానీ నాకు ఇవన్నీ ఎలా తెలుసో అది ఎప్పుడూ సరిగ్గా ఆలోచించలేదు. ఆ ప్రకటన మా ఆఫీసుదే, ఆ సంగతి దానికి చెప్పలేదు. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తేది నేనే. ముందు మీరు రండి, వచ్చాక మాట్లాడదాం అనే గొంతు నాదే.

రాజమండ్రిలో ఒక మేడ మీద రెండు గదులు. కంపెనీ పేరు చెప్పను, ఆ తర్వాత వాళ్ళే రెండు మూడు పేర్లు మార్చుకున్నారు. ముందు గదిలో బల్ల, ఫోను, ఫ్యాను, నేను. వెనక గదిలో పొద్దున్నే పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టించి, ఇంగ్లీషులో ఏవో నినాదాలు అరిపించేవాళ్ళు. తర్వాత భుజానికో నల్ల సంచి తగిలించి పంపేసేవాళ్ళు. సంచిలో గ్యాస్ లైటర్లు, కూరగాయలు తరిగే ప్లాస్టిక్ సామాన్లు, గిన్నెలు తోమే పౌడరు. అమ్మినదాంట్లో కొంత వాళ్ళకి. ఏమీ అమ్మకపోతే ఏమీ లేదు. ఆ మేడ మొత్తం మీద నెలజీతం ఉన్నది మేనేజరుకీ నాకూ మాత్రమే.

మేనేజరు మన ప్రాంతం వాడు కాదు. కానీ మనవాళ్ళ సంగతి మనకంటే బాగా కనిపెట్టాడు. గోదావరి జిల్లాల్లో ఎవరూ కంపెనీ ఎలాంటిదని అడగరు. బల్ల దగ్గర కూర్చున్న పిల్ల ఎవరి తాలూకా అని అడుగుతారు. మీదేవూరమ్మా, మీ నాన్నగారేం చేస్తారు అంటారు. కొవ్వూరండి, మా నాన్నగారు హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు అని నేను చెప్పగానే వాళ్ళ మొహాలు తేలికపడేవి. నన్ను పనిలో పెట్టుకున్నది టైపు వచ్చినందుకు కాదు, మాస్టారి కూతుర్ని అయినందుకు. అది నాకు మొదటి నెలలోనే అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేశాను? చీర కుచ్చిళ్ళు ఇంకాస్త శ్రద్ధగా పెట్టుకోవడం మొదలుపెట్టాను. మేడం అని పిలిచేవాళ్ళు. బాగుండేది.

ఆ ఆదివారం ప్రకటన చింపాను కదా. అదే వారంలో ఒక తండ్రీ కూతురూ వచ్చారు.

ఆయన రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు లారీలకెత్తే పని చేస్తారు. చొక్కా ఉతికిందే గానీ భుజం మీద అరటి కర మరక పోలేదు. కూతురు ఆదివారం చర్చికి వేసుకునే పంజాబీ డ్రెస్సు వేసుకొచ్చింది. పేరు కరుణ అనుకోండి. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. ఆయన జేబులోంచి పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టారు. అదే ప్రకటన. నేను ఇంట్లో చింపి పారేసిన దాన్నే వాళ్ళు కత్తెరతో నీటుగా కత్తిరించి దాచుకుని తెచ్చారు.

ఊరు అడిగారు, నాన్నగారి పేరు అడిగారు. చెప్పాను. ఆయన కూర్చున్నవారు కాస్తా లేచి నిలబడ్డారు. చిన్నప్పుడు మా నాన్నగారు వాళ్ళ ఊరి బడిలో పనిచేశారట. ఆయన దగ్గర మూడో తరగతి చదువుకున్నారట. పలక కొనుక్కోలేకపోతే మాస్టారే కొనిపెట్టారట. కూతురి వైపు తిరిగి, మాస్టారి అమ్మాయిగారే అని రెండుసార్లు చెప్పారు.

తర్వాత తమ ఇబ్బంది చెప్పారు. కరుణకి మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి సీటు వచ్చింది. వచ్చే సోమవారంలోగా చేరాలి. ఆ పిల్లకి నర్సవ్వాలని చిన్నప్పటినుంచీ ఆశ. కానీ చదువు మూడేళ్ళు. తల్లికి ఒంట్లో బాగుండటం లేదు. ఇక్కడ చేరితే వచ్చే నెలనుంచే జీతం చేతికొస్తుంది. ఇద్దరూ ఆలోచించి ఆలోచించి తేల్చుకోలేక, ఆఫీసు ఎలా ఉందో చూసి చెప్పుకుందామని బయల్దేరారు. చూశారు. నన్ను చూశారు.

"మాకీ ఉద్యోగాల సంగతి తెలీదమ్మా. మాస్టారి అమ్మాయిగారు కాబట్టి అడుగుతున్నాను. ఇదే మీ చెల్లెలైతే ఏం చేత్తారండి?"

"ఇక్కడే చేర్పిస్తానండి."

"అంతేనమ్మా. ఇంక నేనెవర్నీ అడగను."

ఇంతే జరిగింది. ఫ్యాను తిరుగుతోంది. ఆ పిల్ల నా వైపు చూస్తోంది. కాదు అనమని చూసిందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడూ అనిపించిందేమో. ఎందుకలా అన్నాను? ఆ వారం చేరినవాళ్ళు తక్కువయ్యారు. ఇలాగే ఉంటే వచ్చే వారం నుంచి నువ్వూ సంచి తగిలించుకోవాల్సిందేనని మేనేజరు ముందురోజే నాతో అన్నాడు. నిజంగా భయపడ్డాను. భయపడ్డానంటే మీరు కొంత క్షమిస్తారేమో, అందుకే ముందు భయం సంగతి చెప్పాను చూశారా. భయం ఒక్కటే కాదు. మాస్టారి అమ్మాయిగారు అని ఆయన లేచి నిలబడ్డారే, ఆ గౌరవం చేతిలో ఉండగా, ఇది మంచి చోటు కాదండి, నేను మంచి చోట పనిచెయ్యడం లేదండి అని చెప్పాలంటే సిగ్గేసింది. మా చెల్లెలికి చెప్పేటప్పుడు ఆ సిగ్గు లేదు. ఎందుకంటే అది మా చెల్లెలు. కంచే చేను మేసింది అంటారు కదా, నేను ఇంకా నయం, మా చేను మెయ్యలేదు. పక్కవాళ్ళ చేను మేశాను.

ఆయన ప్లాస్టిక్ కవరులో ఉన్న ఒరిజినల్ సర్టిఫికెట్లు రెండు చేతులతో నాకిచ్చారు. తీసుకుని బీరువాలో పెట్టాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. ఒక అబద్ధం చెప్పాను, ఒప్పుకున్నాను అని సంతకం లేకుండా ముగించెయ్యొచ్చు. నిన్న అలాగే ముగించాను. పొద్దున చదువుకుంటే ఇది కూడా మోసమే అనిపించింది. అసలు విషయం ఇంకా రాయలేదు.

మొదటి రోజు ట్రైనింగు అన్నారు. మూడో రోజు సాయంత్రం కరుణ నా బల్ల దగ్గరికి వచ్చింది. జూన్ మొదటి వారం, వానలింకా రాలేదు, మొహమంతా కమిలిపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుంది, మడమలు పొక్కులెక్కాయి. తిడుతుందనుకున్నాను. మీ చెల్లెల్ని తెస్తారా ఇక్కడికి అని అడుగుతుందనుకున్నాను. సర్టిఫికెట్లు ఇప్పించమంది, అంతే. సోమవారం ఇంకా రాలేదు కదక్కా, వెళ్ళి చేరిపోతాను అంది. అక్కా అనే అంది.

మేనేజరు ఊళ్ళో లేడు. మూడు నెలలు పనిచెయ్యనిదే ఎవరి సర్టిఫికెట్లూ తిరిగి ఇవ్వొద్దని అతని మాట. బీరువా తాళం సార్ దగ్గరుందమ్మా అన్నాను.

తాళం నా హ్యాండ్ బ్యాగులో ఉంది. బ్యాగు నా ఒళ్ళో ఉంది. ఆ మాట అంటున్నప్పుడు నా చెయ్యి బ్యాగు మీదే ఉంది. ఆ పిల్ల నా చేతి వైపు చూసింది. రావులపాలెం బస్సుకి టైమయ్యేదాకా మెట్ల మీద కూర్చుంది. మర్నాడు కూడా వచ్చి కూర్చుంది. నేను కాఫీ తాగడానికి కిందకి వెళ్ళాలంటే ఆ పిల్లని దాటుకుని వెళ్ళాలి. జరిగి దారిచ్చింది.

సోమవారం దాటిపోయింది. ఒరిజినల్స్ లేకుండా ఆసుపత్రివాళ్ళు చేర్చుకోలేదు. సీటు వెనకున్నవాళ్ళకి ఇచ్చేశారు. మేనేజరు తిరిగొచ్చాక, ఎలాగూ పనిచెయ్యని పిల్ల, ఇచ్చి పంపెయ్ అన్నాడు విసుగ్గా. ఇచ్చాను. సీటు పోయిన సంగతి అప్పుడే చెప్పింది, ఎవరో పక్కవాళ్ళ సంగతి చెప్పినట్టు. కవరు గుండెకి ఆనించుకుని మెట్లు దిగిపోయింది. నేను ఫోన్ ఎత్తాను. ముందు మీరు రండి అన్నాను.

కొన్నాళ్ళకి ఆయన వచ్చారు. భుజాన చక్కెరకేళి గెల మోసుకుంటూ మేడ మెట్లెక్కి వచ్చి, నా బల్ల పక్కన దించారు. ఆయన తిట్టడానికి రాలేదు. క్షమించమని అడగడానికి వచ్చారు. మీరు మాట సాయం చేసి పెట్టిన ఉద్యోగం మా పిల్ల నిలబెట్టుకోలేకపోయిందమ్మా అన్నారు. తిరగలేనని మానేసిందట. అటు సీటూ పోగొట్టుకుంది, ఇటు ఉద్యోగమూ పోగొట్టుకుంది, దాని బుద్ధి అలా ఉంది అన్నారు. ఇంట్లో మాటలు కూడా లేవట. మాస్టారికి మాత్రం మా మీద కోపం రానివ్వకండి అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఫరవాలేదండి అన్నాను. ఫరవాలేదట! ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

కరుణ ఇంట్లో నా పేరు చెప్పలేదు. తాళం సంగతి చెప్పలేదు. నిందంతా తన మీదే వేసుకుంది. ఎందుకు? చాలా ఏళ్ళు నన్ను కాపాడిందనుకున్నాను. ఎంత పొగరో చూడండి, అందులోనూ నేనే. నన్ను కాదు. పలక కొనిపెట్టిన మాస్టారి మీద వాళ్ళ నాన్నకున్న నమ్మకాన్ని కాపాడి ఉంటుంది. ఆ నమ్మకం నాది కాదు, మా నాన్నగారు సంపాదించుకున్నది. దాన్ని నేను మేనేజరుకి అమ్మాను.

గెల ఇంటికి తెచ్చాను. ఆఫీసులో ఇచ్చారని చెప్పాను. అమ్మ వీధంతా పంచింది. చెల్లెలు ఇష్టంగా తింది. నాన్నగారు తిని, రావులపాలెం కాయే, ఆ రుచి వేరు అన్నారు. మోసుకొచ్చినాయన తన దగ్గర చదువుకున్నాడని ఆయనకి చివరిదాకా తెలియదు. నేను తినలేదు. అదేదో గొప్ప శిక్షలా కొన్నాళ్ళు చెప్పుకున్నాను నాకు నేనే.

ఆ తర్వాత మనసు మారి ఉద్యోగం మానేశానని రాయాలనుంది. కాదు. పెళ్ళి కుదిరి మానేశాను.

కరుణ ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోలేనంత దూరమా రావులపాలెం? బస్సు అక్కడ ఆగినప్పుడల్లా నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంటాను. ఏ ఆసుపత్రికి వెళ్ళినా మాత్రం నర్సుల మొహాలన్నీ చూస్తాను. మరో ఏడు సీటు వచ్చే ఉంటుందని, ఏదో ఒక వార్డులోంచి తెల్ల బట్టలతో వస్తుందని. నాన్నగారి ఆఖరి రోజుల్లో కూడా ఆయన మంచం పక్కన కూర్చుని అదే చూశాను.

మొన్న మా చెల్లెలు కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఫోన్లో ఏదో ఉద్యోగ ప్రకటన చూసి వెళ్తానంటోందట, పెద్దమ్మని అడుగు అంది. చూశాను. కంపెనీ పేరు లేదు, అనుభవం అక్కర్లేదు, వెంటనే చేరాలి. ఏమీ మారలేదు. అన్నీ విడమరిచి చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, అయితే పెద్దమ్మా, అప్పట్లో మీ ఆఫీసుకి ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళక్కూడా ఇలాగే చెప్పేదానివా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా చెల్లెలు నవ్వింది. చెప్పకుండా ఉంటుందా మా అక్క అంది. పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు. వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

వాళ్ళు వెళ్ళాక ఇది రాయడం మొదలుపెట్టాను. క్షమించమని అడగడం లేదు. మీరు క్షమించేవాళ్ళు కారు, క్షమించగలిగినవాళ్ళకి నేనెవరో తెలిసేలా ఇది రాయనూ లేదు, ఆ పిరికితనమూ నాదే. కానీ రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరికి చెప్పాలనుకున్న మాటలు నిజానికి కరుణ వాళ్ళ నాన్నకి చెప్పాల్సినవి.

అయ్యా, మీరడిగినదానికి ఆ రోజు అబద్ధం చెప్పాను. మా చెల్లెలు అక్కడికే వస్తానంటే ఆ ప్రకటన చింపేశాను. మీ అమ్మాయి పని చెయ్యలేక సీటు పోగొట్టుకోలేదండి. సోమవారానికి ముందే వచ్చి అడిగింది. తాళం నా దగ్గరే ఉంది.