గుండీ పెట్టిన పేజీ

ఆరబా మాన్సా కుట్టిన జెండా ఎగిరిందంటే ఆ ఊళ్లో ఎవరో ఒకరికి ఒళ్లు మండాల్సిందే. సముద్రపొడ్డున ఉన్న ఆ ఫాంటీ తెగవాళ్ల ఊళ్లో, ఊరి కాపలాకని ఎప్పుడో పుట్టిన దళాలు రెండు. పండగనాడు జెండాల మీది బొమ్మలతో ఒకరినొకరు వెక్కిరించుకోవడం వాళ్లకు తాతల నాటి సరదా. ఆరబా ఎదుటి దళం నాయకుణ్ణి గుడ్డముక్కలతో కప్పలా కత్తిరించి, నెత్తిన అచ్చం అతని టోపీ లాంటిదే కుట్టేది. అతను కేకలేస్తూ వస్తే, "అదేంటన్నా, అది కప్ప కదా, నీకెందుకు కోపం?" అనేది. ఇంకేం మాట్లాడతాడు? మాట్లాడితే కప్ప తానేనని ఒప్పుకున్నట్టే.

ఇద్దరు మొగుళ్లు ఆమె నోటికి జడిసి పారిపోయారని ఊరంటుంది. తానే తరిమేశానని ఆమె అంటుంది. నేను ఆమె మాటే నమ్ముతాను.

అరవై దాటాక ఆమెకు పిల్లల పిచ్చి పట్టుకుంది. శనివారం పొద్దున్నే నానా అబాకా ఇంటి అరుగు మీద పిల్లల్ని పోగేసి కథలు చెప్పేది. నానా అంటే అక్కడ పెద్దాయన అని; ఎనభయ్యేళ్ల ఈ నానా ఆ పెద్దింటికి పెద్ద. ఆరబా పుట్టింది, పెరిగింది, ఇప్పటికీ ఉంటున్నది ఆ ఇంటి వెనక గదిలోనే.

ఒకరోజు నానా మనవరాలు కాక్రా బడి నుంచి బానిసల గురించి బొమ్మల పుస్తకం తెచ్చింది. అందులో తెల్లవాళ్లున్నారు, గొలుసులున్నాయి, ఓడ వచ్చేదాకా బానిసల్ని కుక్కే కోట, ఓడ, అన్నీ ఉన్నాయి.

"మరి కోట దాకా వీళ్లని ఎవరు తోలుకొచ్చారత్తా?" అంది కాక్రా.

ఆ ప్రశ్న ఆరబాకు తెగ నచ్చింది. జవాబు నోటితో చెప్పకుండా గుడ్డతో పుస్తకం కుట్టడం మొదలుపెట్టింది. ఒక పేజీలో ఉత్తరాన గడ్డి మైదానంలో ఒక పల్లె. తర్వాతి పేజీలో ఎర్రమట్టి దారిన నడిచే మనుషులు. ఆ తర్వాత ఒక పెద్దిల్లు, అరుగు మీద కుర్చీలో బొజ్జ మనిషి, పక్కన సారా పీపా, ఎదురుగా చేతులు కట్టేసిన చిన్నపిల్ల. బొజ్జ మనిషి నెత్తిన ఎరుపూ పసుపూ చారల గొడుగు. ఆ గొడుగు గుడ్డ, నానా గారి పండగ గొడుగుకు మాసికేసినప్పుడు మిగిలిన ముక్క.

నానా చూశాడు. "ఏమే ఆరబా, అది మా గొడుగే కదే!"

"చేతికందిన ముక్క పెట్టాను నానా. మీదని మీరంటున్నారు, నేనన్లేదే!"

"నోర్ముయ్. ఆ బొమ్మ కప్పెయ్. లేదంటే వచ్చే వారం నుంచి నా అరుగెక్కకు."

ఆయన కోపానికి ఇంకో కారణం ఉంది. ఒకరి పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారో బయటపెట్టడం ఆ ఊళ్లో పెద్ద తప్పు. అన్నవాడెవడైనా సరే, ఒక గొర్రె, ఒక జిన్ను సారా సీసా తప్పు కట్టాలి. కొన్నవాళ్ల పిల్లలూ, కొనబడ్డవాళ్ల పిల్లలూ ఒకే కప్పు కింద తలెత్తుకు బతకాలని పెట్టుకున్న కట్టుబాటు. మంచిదే. కాకపోతే దానివల్ల ఎక్కువ హాయి ఎవరికో నన్నడక్కండి. ఆరబా ముత్తవ్వ ఆ ఇంటికి ఎలా వచ్చిందో ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఇంటి పెద్దలకు నేల మీద జిన్ను ధార పోసి పేర్లు పిలిచేటప్పుడు ఆమె పేరూ పిలవరు. ఆ ఒక్క పేరు వినాలని ఆరబా బతుకంతా ఎదురుచూసింది.

చెప్పినట్టే ఆమె ఆ బొమ్మ మీద గుడ్డ తలుపు కుట్టింది. దానికో పెద్ద ఇత్తడి గుండీ పెట్టింది. అంతే, అంతవరకూ ఆ పేజీని పట్టించుకోని పిల్లలు ఇప్పుడు మిగతా పుస్తకాన్ని పట్టించుకోవడం మానేశారు. గుండీ విప్పడానికి నేను ముందంటే నేను ముందని జుట్లు పట్టుకున్నారు.

గోలకు నానా లోపల్నుంచి వచ్చాడు. "కప్పెయ్యమన్నానా లేదా?"

"కప్పాను నానా. గాలికి లేస్తుందేమోనని గుండీ కూడా పెట్టాను."

ఆయన నోరు తెరిచేలోగా కాక్రా గుండీ విప్పేసింది. "తాతా, ఈ పిల్ల ఓడెక్కిందా?"

నానా ఆరబా వైపు చూశాడు. ఆరబా సూదిలోకి దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. ఆ మాట రావాల్సింది ఇంటి పెద్ద నోటి నుంచే.

"ఎక్కలేదు."

"మరి చచ్చిపోయిందా?" కాక్రా కళ్లు నీళ్లతో నిండాయి. ఆ పిల్ల ఏడిస్తే నానా తట్టుకోలేడు.

"ఛ, ఊరుకో తల్లీ. చావడమేంటి? మన ఇంట్లోనే పెరిగి పెద్దదైంది. మీ ఆరబా అత్తకి ముత్తవ్వ."

ఆరబా సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"విన్నారర్రా? నేనొక్క ముక్క అన్లేదు. నానా గారే అన్నారు. గొర్రె, జిన్ను సీసా!"

నానా కాసేపు గుడ్లు మిటకరించాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓసి దొంగముండా! ఇందుకా ఆ గుండీ!"

మర్నాడు పెరట్లో గొర్రె తెగింది. నానా జిన్ను ధార పోస్తూ ఇంటి పెద్దల్ని పేరుపేరునా పిలిచి, ఆగాడు. "పేరు చెప్పవే." ఇంట్లో ఆ ముత్తవ్వను వాళ్లు పెట్టిన ఏదో పేరుతో పిలిచేవాళ్లు. పుట్టినప్పటి పేరు మాత్రం ఆరబాకు తల్లి చెవిలో చెప్పి పోయింది. ఊరందరి నోళ్లూ మూయించిన ఆరబాకు అప్పుడు నోరు పెగల్లేదు. ఏడ్చేసింది. కాక్రా కొంగు పట్టి లాగితే అప్పుడంది.

"అపోక."

"అపోకా, వచ్చి తాగు," అని నానా మెల్లిగా ధార పోశాడు.

ఆరబా ముక్కు తుడుచుకుంది. "వినపడలేదు నానా."

ఆయన ఇంకాస్త పోసి, గట్టిగా పిలిచాడు.

"వీధిలోకి వినపడలేదు నానా."

ఈసారి నానా అరిచిన అరుపుకు ఒడ్డున వలలు బాగుచేసుకునే వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. సీసాలో ఆయనకు చుక్క మిగల్లేదు.